ముద్ద దిగాలంటే

అన్నవాహికలో క్యాన్సర్ మొదలైన మనిషి ముందుగా డాక్టరు దగ్గరికి పోడు. ఇంట్లోనే సర్దుకుంటాడు. జొన్నరొట్టె గుండెల దగ్గర ఆగినట్టు అనిపిస్తే పప్పులో నానబెట్టుకుని తింటాడు. కొన్నాళ్లకు రొట్టె మానేసి సంగటికి వస్తాడు. సంగటి కూడా దిగకపోతే మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం, అదీ కాకపోతే రాగిజావ. ఆడవాళ్ల విషయంలో ఈ సర్దుబాటు మరీ ఎక్కువ కాలం సాగుతుంది. అందరికీ వడ్డించాక ఆమె ఏం తిన్నదో, ఎంత తిన్నదో చూసేవాళ్లు ఉండరు. ఒళ్లు తగ్గితే ఎండలకు చిక్కిందనుకుంటారు. గిద్దలూరు, కంభం, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు పల్లెల్లో ఈ జబ్బు చాలావరకు ఇలా చడీచప్పుడూ లేకుండానే ముదురుతుంది.

ఈలోగా గ్యాసు మాత్రలు వస్తాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన టానిక్కు వస్తుంది. మనిషి కళ్లెదుటే చిక్కిపోతూ, తిన్నది తిన్నట్టే వెనక్కి వస్తుంటే ఎవరో మందు పెట్టారన్న అనుమానం కూడా వస్తుంది. మందు కక్కించే వాళ్ల కోసం నాలుగూళ్లు తిరుగుతారు. ఆ కుటుంబాలను చిన్నచూపు చూడటం తగదు. లోపల ఏదో అడ్డుపడిందన్న వాళ్ల అనుమానం నిజమే. ఆ అడ్డేమిటో తేల్చే పరీక్ష దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే మనిషి వాళ్లకు దొరకలేదు, అంతే.

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల కండరపు గొట్టం. దానికి సాగే గుణం బాగా ఉంది. అందుకే లోపలి గోడలో సగానికి పైగా గడ్డ కమ్ముకునేదాకా ముద్ద ఎలాగో ఒకలాగ జారిపోతూనే ఉంటుంది. అంటే, మొదటిసారి ముద్ద అడ్డం పడిన నాటికే జబ్బు కొంత ముదిరి ఉంటుంది. ముందు గట్టి తిండి, తర్వాత మెత్తటి తిండి, ఆఖరున మంచినీళ్లు, ఇదీ దాని వరస. నీళ్లు దిగనినాడు బయల్దేరితే వైద్యుడు చేయగలిగింది చాలా తగ్గిపోతుంది. నడి వయసు దాటిన మనిషికి రెండు మూడు వారాల పాటు ముద్ద మింగుడు పడకపోతే ఎండోస్కోపీ చేయించాలి. గొంతులోంచి సన్నటి గొట్టం దించి, చూసి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీస్తారు. పది పదిహేను నిమిషాల పని. ఇప్పుడది మహానగరాలకే పరిమితమైన పరీక్ష కాదు.

ఇంటింటికీ వచ్చే ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగులో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడింటినే చూస్తారు. అన్నవాహికకు అలాంటి సులువైన పరీక్ష లేదు. ఊరందరికీ ఎండోస్కోపీ చేయడం ఏ దేశానికైనా కష్టమే. కానీ ఏఎన్ఎం చేతిలోని కాగితంలో ఒక ప్రశ్న చేర్చడానికి ఖర్చేమీ లేదు: ‘తినేటప్పుడు ముద్ద అడ్డం పడుతోందా?’ అవునన్న మనిషిని మార్కాపురం ఆసుపత్రికి పంపే చీటీ ఒకటి అక్కడే రాసిస్తే కొన్ని నెలలు కలిసొస్తాయి. ఈ జబ్బులో నెలలంటే చిన్న విషయం కాదు. 2022లో ప్రపంచమంతటా సుమారు 5 లక్షల 11 వేల మందికి కొత్తగా ఇది వచ్చిందని, 4 లక్షల 45 వేల మంది చనిపోయారని అంచనా. మన దేశంలో కొత్త రోగులు ఏడాదికి దాదాపు 70 వేలు. వచ్చినవాళ్ల సంఖ్యకూ పోయినవాళ్ల సంఖ్యకూ మధ్య తేడా ఇంత తక్కువగా ఉండటానికి ఆలస్యంగా రావడం ఒక పెద్ద కారణం.

పొగాకు, మద్యం కలిసిన చోట ఈ ముప్పు రెండింటి లెక్కనూ మించి పెరుగుతుంది. వక్క, ఖైనీ, గుట్కా, పొగలు కక్కే వేడి పానీయాలు, పళ్లూ కూరగాయలూ తక్కువైన తిండి కూడా కారణాల్లో ఉన్నాయి. 65 డిగ్రీలకు పైబడిన వేడి మీద తాగే పానీయాలను క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యే వాటిలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చేర్చింది. ఈ పల్లెలున్న పడమటి ప్రకాశంలో పొగాకు గురించి రాయడం సున్నితమైన పని. పొదిలిలో, కనిగిరిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. కాలవ నీళ్లు ఎరగని ఈ మెట్ట భూముల్లో ఆ పంట ఎన్నో ఇళ్లకు పెళ్లిళ్లు చేసింది, పిల్లల ఫీజులు కట్టింది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం తరాలుగా ఎదురుచూస్తున్న రైతును పట్టుకుని పంట మాన్పించే ఉపదేశం చేయడం మా ఉద్దేశం కాదు. ఇంకోటి కూడా చెప్పాలి. చుట్ట ముట్టనివాళ్లకు, సారా వాసన ఎరగని ఇల్లాళ్లకు కూడా ఈ జబ్బు వస్తోంది. పలకరింపుకు పోయినప్పుడు ‘ఏం అలవాట్లుండేవో’ అని ఆరా తీయడం ఆ ఇంటి కష్టానికి అవమానం కూడా జత చేస్తుంది. ఆ ప్రశ్న డాక్టరు అడగాలి. ఇరుగుపొరుగుకు దానితో పని లేదు.

వచ్చాక ఏమిటన్నదే అసలు సంగతి. అన్నవాహిక క్యాన్సర్ అనగానే ఇక ఆశ లేదనే మాట మన ఊళ్లలో స్థిరపడిపోయింది. ఒకప్పుడు అది నిజమే. ఛాతీ తెరిస్తే ఊపిరితిత్తులు ముడుచుకుపోయి మనిషి బల్ల మీదే పోయే రోజుల్లో ఆ గొట్టం దాకా చేరడమే అసాధ్యంగా ఉండేది. 1913లో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ టోరెక్ అనే శస్త్రవైద్యుడు 67 ఏళ్ల ఆమెకు ఛాతీలోని అన్నవాహికను తొలగించి బతికించాడు. పైన మెడ దగ్గర ఒక రంధ్రం, కింద పొట్ట దగ్గర ఇంకో రంధ్రం, ఆ రెంటినీ ఒంటి బయట నుంచి కలుపుతూ ఒక రబ్బరు గొట్టం. తిన్నదంతా ఆ గొట్టంలోంచే కడుపులోకి పోయేది. ఆమె అలాగే పన్నెండేళ్లకు పైగా బతికింది. ఈ వైద్యం కథలో మనసులో నిలిచిపోయేది ఆ డాక్టరు కంటే ఆమే. రోజూ భోజనానికి కూర్చుని ఆ గొట్టం తగిలించుకుని, అన్నేళ్లు తిని బతికిన ఆమె ఓర్పు ముందు ఏ పొగడ్తా సరిపోదు.

ఇప్పుడు బయటి గొట్టాలు అక్కర్లేదు. జీర్ణాశయాన్నే సన్నటి గొట్టంగా మలిచి పైకి లాగి, మిగిలిన అన్నవాహికకు ఛాతీలోనో మెడ దగ్గరో కలుపుతారు. ఐవర్ లూయిస్ 1946లో వివరించిన పద్ధతి, మెక్యూన్ 1976లో వివరించిన పద్ధతి నేటికీ వాళ్ల పేర్లతోనే నడుస్తున్నాయి. ఛాతీని పెద్దగా కోయకుండా కెమెరాతో చేసే విధానంలో మన పొరుగు తమిళనాడు ముందుంది. కోయంబత్తూరు వైద్యుడు సి. పళనివేలు రోగిని బోర్లా పడుకోబెట్టి ఈ ఆపరేషన్ చేసిన 130 మంది ఫలితాలను 2006లో ప్రచురిస్తే ఇతర దేశాల సర్జన్లు ఆ పద్ధతిని నేర్చుకున్నారు.

అయినా ఇది పెద్ద ఆపరేషనే. ఆరేడు గంటలు పడుతుంది. కలిపిన చోట అతుకు లీకైతే, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరితే ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడ అనుభవానికి ఉన్న విలువ అంకెల్లో కూడా కనబడింది. అమెరికాలో 2002లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో, ఈ ఆపరేషన్ అరుదుగా చేసే ఆసుపత్రుల్లో నూటికి 20 మంది చనిపోతే, ఎక్కువగా చేసేచోట 8 మందే చనిపోయారు. అప్పటి నుంచి రెండు చోట్లా ఫలితాలు మెరుగుపడ్డాయి గానీ తేడా ఇప్పటికీ ఉంది. కాబట్టి ఈ ఒక్క ఆపరేషన్ విషయంలో దగ్గరి ఆసుపత్రి అనే మాట పక్కన పెట్టాలి. హైదరాబాదులో 1955 నుంచి పేదలకు పెద్దదిక్కుగా ఉన్న ఎంఎన్‌జే కానీ, బసవతారకం ఆసుపత్రి కానీ, చెన్నైలో ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో నెలకొల్పిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కానీ, తిరుపతి కానీ, తరచుగా ఈ పని చేసే చేతుల దగ్గరికే పోవాలి. ‘ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?’ అని డాక్టరును అడగడంలో తప్పు లేదు. ఆపరేషన్‌కు ఒకసారి పోతారు, రెండు మూడు వారాలుంటారు, వస్తారు. దూరమైనా భరించగల ప్రయాణం అది.

భరించలేనిది రేడియేషన్ ప్రయాణం. మన చర్చల్లో ఎప్పుడూ వెనకబడేదీ అదే.

కరెంటు పెట్టడం అని మన వాళ్లు అనే ఈ చికిత్సకు అన్నవాహిక జబ్బులో ఉన్న చోటు చాలా పెద్దది. 1992లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఒక ప్రయోగంలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో అయిదేళ్లకు ఒక్కరూ మిగల్లేదు. దానికి కీమో మందులు జతచేసిన వారిలో నూటికి 26 మంది బతికి ఉన్నారు, అదీ ఆపరేషన్ లేకుండానే. ఇరవై ఏళ్ల తర్వాత, 2012లో, నెదర్లాండ్స్ నుంచి క్రాస్ అనే అధ్యయనం వచ్చింది. ఆపరేషన్‌కు ముందు అయిదు వారాల్లో 23 సార్లు రేడియేషన్, వారానికొకసారి కీమో. నేరుగా ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగం మంది 24 నెలలకే పోతే, ఇలా సిద్ధమై వచ్చినవారిలో సగం మంది 49 నెలలు దాటారు. ఇందులో మనకు మరీ దగ్గరి విషయం ఇంకొకటి. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా వచ్చేది అన్నవాహిక దిగువన, గ్రంథి కణాల్లో పుట్టే రకం. మన దగ్గర ఎక్కువ కనిపించేది పొలుసుల కణాల్లో పుట్టే రకం. ఆ అధ్యయనంలో ఈ రెండో రకం రోగులు తక్కువ మందే అయినా, వాళ్లలో దాదాపు సగం మందికి ఆపరేషన్ చేసి చూసేసరికి క్యాన్సర్ కణమే కనబడలేదు. రేడియేషన్, కీమోలకు అంతగా కరిగిపోయింది. అలా పూర్తిగా కరిగిన రోగులకు వెంటనే ఆపరేషన్ చేయకుండా గట్టి నిఘాలో ఉంచవచ్చా అని కూడా నెదర్లాండ్స్ వైద్యులు పరీక్షించారు. రెండేళ్ల దాకా చూస్తే వాళ్లేమీ నష్టపోలేదు. ఆపరేషన్‌కు తట్టుకోలేని పెద్దవాళ్లకు కీమోతో కలిపి 28 సార్లు ఇచ్చే రేడియేషనే ప్రధాన చికిత్స.

23 సార్లు, 28 సార్లు అంటున్నామంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజుకొకసారి, అయిదారు వారాలు. యంత్రం కింద పడుకునేది కొన్ని నిమిషాలే. నొప్పి ఉండదు, సెగ తగలదు. బయట నుంచి ఇచ్చే ఈ కిరణాలు ఒంట్లో మిగిలిపోవు. రోగి ఇంటికొచ్చి మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. అసలు కష్టం రెండు మూడు వారాలయ్యాక వస్తుంది. లోపలి పొర మండుతుంది. లాలాజలం మింగినా నొప్పే. జబ్బు తగ్గుతుందని పోతే ఇంకా ఎక్కువైందేమిటని భయపడి చాలామంది సరిగ్గా అప్పుడే ఇంటిదారి పడతారు. ఆ మంట చికిత్స వల్ల వచ్చిందే, కొన్ని వారాల్లో తగ్గుతుంది, నొప్పి మందులున్నాయి, అవసరమైతే ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పోస్తారు అని మొదటి రోజే కూర్చోబెట్టి చెబితే ఆగేవాళ్లు ఎక్కువవుతారు.

మధ్యలో ఆగడం మామూలు నష్టం కాదు. మిరపచేలో సగం సాళ్లు కలుపు తీసి పది రోజులు వదిలేస్తే మిగిలినది రెట్టింపు జోరుతో లేస్తుంది కదా, ఈ కణాలూ అంతే. విరామం దొరికితే వేగంగా పెరుగుతాయి. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టినా మొదటి లెక్క ప్రకారం ఫలితం రాదు. అందుకే రేడియేషన్ విషయంలో యంత్రం ఎంత గొప్పదన్న ప్రశ్న కన్నా, ఈ రోగి వరసగా అయిదు వారాలు రాగలడా అన్న ప్రశ్నే ముందు రావాలి.

రాచర్ల నుంచో అర్ధవీడు నుంచో ఒక రైతుకూలీ ఎలా రాగలడు? పడమటి మండలాలకు రైలు దారిలో అందుబాటులో ఉన్నది గుంటూరు. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. మార్కాపురం రోడ్డు స్టేషన్ నుంచి రైల్లో సుమారు మూడు గంటలు, గిద్దలూరు వాళ్లకు అంతకన్నా ఎక్కువ. కొన్ని నిమిషాల చికిత్స కోసం రోజూ పోయిరావడం ఆరోగ్యవంతుడికే అలవికాదు. ముద్ద దిగక నీరసించిన మనిషికి ఎలా సాధ్యం? కనుక అక్కడే ఉండిపోవాలి. ఒకరు తోడుండాలి. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం చికిత్సకయ్యే ఖర్చు భరిస్తుంది. అది లేకపోతే ఈ మాటలేవీ రాయగలిగేవాళ్లమే కాదు. కానీ గది అద్దె, తోడొచ్చిన భార్య పోగొట్టుకున్న అయిదు వారాల కూలి, ఇంటి దగ్గర గేదెను చూసేవాళ్లకు ఇచ్చేది, అదంతా ఆ ఇంటి మీదే. చికిత్స మధ్యలో ఆపేసిన రోగి కేస్ షీటులో కారణం రాసే గడి ఉంటే, చాలాసార్లు జబ్బు కన్నా ఈ లెక్కే కనబడుతుంది.

కొన్ని సౌకర్యాలు ఉండీ తెలియక పోతున్నాయి. క్యాన్సర్ రోగి చికిత్సకు పోయేటప్పుడు, ఆసుపత్రి ఇచ్చిన నిర్ణీత ధ్రువపత్రం చూపితే రైల్వే వాళ్లు స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి పూర్తి రాయితీ, వెంట వచ్చినవారికి మూడొంతుల రాయితీ ఇస్తారు. ఆ పత్రం గురించి చీటీ రాసే కౌంటరు దగ్గరే ఒక బోర్డు పెడితే బాగుంటుంది. గుంటూరులో రోగీ, తోడు మనిషీ అయిదారు వారాలు తలదాచుకుని, వండుకు తినే వసతి ఒకటి ఉండాలి. గుంటూరు, హైదరాబాదుల్లో స్థిరపడిన పడమటి ప్రకాశం వాళ్లు తక్కువేమీ లేరు. సొంతూళ్లో గుడికి గోపురం కట్టించే చేతులే అవి. నాలుగు గదులు అద్దెకు తీసుకుని ఈ ప్రాంతపు రోగులకు కేటాయించడం వాళ్లకు పెద్ద బరువు కాదనే మా నమ్మకం.

నయం చేయలేని దశలో వచ్చేవాళ్లను కూడా ఇక్కడ మరవకూడదు. వాళ్లకు ఆఖరి దాకా ముద్ద దిగాలి. మూసుకుపోయిన చోట లోహపు జాలీ గొట్టం, అంటే స్టెంటు, వేస్తే ఒకట్రెండు రోజుల్లోనే జావ దిగుతుంది. రేడియేషన్ మూలాన్ని సన్నని గొట్టం ద్వారా అన్నవాహికలోకే పంపి ఇచ్చే బ్రాకీథెరపీకి ఫలితం కొంచెం ఆలస్యంగా వచ్చినా ఎక్కువ కాలం నిలుస్తుందని 2004లో నెదర్లాండ్స్ అధ్యయనమొకటి చూపించింది. ఇలా లోపలి నుంచి ఇచ్చే చికిత్సలో ప్రపంచానికి తెలిసిన పేరు నోరి దత్తాత్రేయుడిది. ఆయన చదివింది నల్లమలకు ఆవలి వైపున్న కర్నూలు వైద్య కళాశాలలోనే. నొప్పికి నోటితో తీసుకునే మార్ఫిన్ సులభంగా దొరకాలని 2014లో చట్టం కూడా సవరించారు. అది పడమటి మండలాల ఆసుపత్రుల అల్మారాల్లో ఉండేలా చూడటం జిల్లా వైద్యాధికారుల పని.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లకు కూడా చెప్పేవాళ్లు కావాలి. కడుపు ఇప్పుడు సన్నటి గొట్టం, కాబట్టి మూడు పూటల తిండిని ఆరేడు సార్లుగా కొంచెం కొంచెంగా తినాలి. తినగానే పడుకోకూడదు, తలవైపు ఎత్తు పెట్టుకోవాలి. గుడ్డు, పెరుగు, పప్పుకట్టు వంటి బలమైన తిండి ముందు తినాలి. ఆపరేషన్‌కు ముందే పొగ మానేసి, మూడు బంతుల పరికరంతో ఊపిరి పీల్చడం సాధన చేసినవాళ్లు త్వరగా లేచి తిరుగుతారు. ఇవి ఆశా కార్యకర్త చెప్పగలిగిన మాటలే.

ఇక శాశ్వత ఏర్పాటు. కొత్త జిల్లా కేంద్రం మార్కాపురం దగ్గర 2021లో పునాది పడిన వైద్య కళాశాల ఇంకా పూర్తికావలసి ఉంది. ఎవరి చేతుల మీదుగా, ఏ పద్ధతిలో పూర్తి చేయాలన్న వాదన నడుస్తూనే ఉంది. ఆ వాదనలోకి మేం ఇక్కడ పోవడం లేదు. ఎవరు కట్టినా అందులో రేడియేషన్ విభాగానికి చోటు ఇప్పుడే చూపించాలి. లీనియర్ యాక్సిలరేటర్‌ను మామూలు గదిలో పెట్టలేరు. కిరణాలు బయటికి రాకుండా కొన్నిచోట్ల రెండు మీటర్ల మందం దాకా కాంక్రీటు గోడలు కావాలి. ఆ గది నక్షాకు అణుశక్తి నియంత్రణ మండలి ముందే అనుమతివ్వాలి. భవనం పూర్తయ్యాక అలాంటి గది చేర్చాలంటే మళ్లీ భూమి తవ్వడం, మళ్లీ టెండర్లు, మళ్లీ ఏళ్లు. యంత్రం కొనడానికి డబ్బు తర్వాత రావచ్చు, దాత ఎవరో దొరకవచ్చు. గుంటూరులో దొరికారు. ఆ యంత్రాన్ని నడిపే టెక్నీషియన్లు, మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్టు, రేడియేషన్ వైద్యుడు, ఈ ముగ్గురి పోస్టులూ మంజూరు చేసి పెట్టాలి. ఒంగోలు, మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి ప్రతినిధులు కలిసి ఒక్క వినతిపత్రం మీద సంతకాలు పెడితే చాలు, నక్షాలో ఆ గది చేరుతుంది. ప్రహరీ, హాస్టలు, లెక్చర్ హాళ్ల బిల్లులతో పాటే దాని అంచనా కూడా ఈ ఏడాదే వెళ్లాలి.